గోనెసంచీలోంచి వచ్చిన చవకబేరం

అమెరికాలో ఉండే మనవాళ్ళు ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పే సంగతులు కొన్ని, చెప్పకుండా దాటేసేవి కొన్ని. కాస్ట్‌కోలో బాదంపప్పు ఎంతకొచ్చిందో చెబుతాం. ఒకప్పుడు థాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లారకముందే చలిలో క్యూ కట్టి టీవీ ఎంతకి కొట్టుకొచ్చామో పదిమందికి పదిసార్లు చెప్పుకున్నాం. గుడ్‌విల్‌లో ఆరు డాలర్లకి కొన్న ఉన్నికోటు సంగతి మాత్రం ఎత్తం. "కోటు బావుందే, ఎక్కడ కొన్నావ్?" అని ఎవరైనా అడిగితే "ఇక్కడే.. ఏదో సేల్‌లో" అని నసుగుతాం. రెండూ చవకబేరాలే. ఒకటి గొప్ప, ఇంకోటి గుట్టు. ఎందుకలాగ?

నాకైతే ఆ మొహమాటం ఎప్పుడో పోయింది. శనివారం పొద్దున్నే కాఫీ తాగి, థ్రిఫ్ట్ స్టోరు తలుపులు తీసే వేళకి అక్కడుంటాను. ఇన్నేళ్ళలో దొరికినవాటి చిట్టా పెద్దదే గానీ, మచ్చుకి రెండు. నాలుగు డాలర్లకి ఒక పోత ఇనుప పెనం. తుప్పు పట్టి ఉంటే తోమి, నూనె రాసి, ఓవెన్లో పెట్టి కాల్చాను. ఇప్పుడు మా ఇంట్లో దోసెలు దాని మీదే. రెండోది, ఒక డాలరుకి కెర్నిగన్, రిచీల సి పుస్తకం. పాయింటర్ల అధ్యాయంలో అంచుల నిండా ఎవరో పెన్సిల్‌తో కుస్తీ పట్టారు. కొన్ని పేజీలయ్యాక విసుగొచ్చినట్టుంది, ఒక పిల్లి బొమ్మ వేశారు. కొత్త పుస్తకం కొంటే ఆ పిల్లి రాదు కదా!

ఆన్‌లైన్ షాపింగులో మనకేం కావాలో మనకి ముందే తెలిసుండాలి. ఇది సెర్చ్ బాక్స్ లేని కొట్టు. వెళ్ళేదాకా ఏం కావాలో తెలీదు, చూశాక అది లేకుండా ఇన్నాళ్ళూ ఎలా బతికామా అనిపిస్తుంది. ఉన్నది ఒకటే పీసు. చేతిలోంచి కింద పెడితే పక్కావిడ తీసుకుపోతుంది. ఈ సరదా తెలిసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ కొట్లు ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని తవ్వుకుంటూ పోతే కథ ఇంకో దారిలో నడుస్తుంది. అందులో మన సరదాకి చోటే లేదు.

ముందుగా ఒక సంగతి. పాతబట్ట అంటే చులకన అనేది మనుషుల చరిత్రలో ఈమధ్య వచ్చిందే. బట్ట చేత్తో వడికి, చేత్తో నేసి, చేత్తో కుట్టిన కాలంలో అది ఆస్తి. షేక్‌స్పియర్ 1616లో రాయించిన వీలునామాలో తను వేసుకునే బట్టలన్నీ చెల్లెలు జోన్‌కి రాశాడు. పారేసేవి ఎవరూ వీలునామాలో రాయరు. మన దగ్గరా అంతే. మొగలు దర్బారులో పాదుషా ఒంటిమీది వస్త్రం తీసి ఇస్తే అది మహా గౌరవం. పూర్తిగా చిరిగి పీలికలైనా బట్టకి విలువ పోలేదు. యూరప్, అమెరికాల్లో పంతొమ్మిదో శతాబ్దం సగం దాటేదాకా కాగితం తయారయింది ఎక్కువగా ఆ పీలికల్తోనే. అంటే ఆ కాలపు పుస్తకాలు, పత్రికలు అన్నీ ఎవరో కట్టి విడిచినవేనన్నమాట.

1813లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బాట్లీ అనే ఊళ్ళో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్నిబట్టల్ని చీల్చి, పీచు చేసి, కొత్త ఉన్ని కలిపి మళ్ళీ నేసే పద్ధతి కనిపెట్టాడు. ఆ బట్ట పేరు షాడీ. మనం కోడ్ రివ్యూల్లో "షాడీ వర్క్" అని విసుక్కునే మాట అదే. మొదట్లో అది తిట్టు కాదు, సరుకు పేరు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యాక కాంట్రాక్టర్లు ఈ నాసిరకం బట్టతో సైనికులకి యూనిఫారాలు కుట్టించారు. అవి వానకి నాని విడిపోతుంటే సైనికులు తిట్టుకున్నారు. అప్పట్నుంచి మాట తిట్టయిపోయింది. (ప్రభుత్వ కాంట్రాక్టు, తక్కువ టెండరు, క్వాలిటీ టెస్టింగు లేదు.. ఎక్కడో విన్నట్టుందా?)

ఆ తరవాత కుట్టు మిషన్లొచ్చాయి, రెడీమేడ్ బట్టలొచ్చాయి. కొత్త బట్ట చవకయ్యేసరికి పాతబట్ట విలువ పడిపోయింది. పారేయడం మొదలయింది. సరిగ్గా అదే కాలంలో యూరప్ నుంచి ఓడల్లో లక్షల మంది పేదలు న్యూయార్కు, బోస్టన్ రేవుల్లో దిగుతున్నారు. ఒకపక్క ఇంటినిండా పాతసామాను పేరుకుపోయిన మధ్యతరగతి, ఇంకోపక్క చలికి కోటు లేని కూలివాళ్ళు. ఈ రెంటినీ కలిపే తీగ ఒకటి కావాలి.

ఆ ఊహ ముందుగా కాగితం మీద పెట్టింది సాల్వేషన్ ఆర్మీ వ్యవస్థాపకుడు విలియం బూత్. లండను పేదరికం మీద 1890లో ఆయన వేసిన పుస్తకంలో, పనిలేనివాళ్ళతో దళాలు కట్టి ఇంటింటికీ తిరిగి వాడనివన్నీ పోగుచేయించాలని ఒక పథకం ఉంది. దానికి గృహ సాల్వేజ్ బ్రిగేడ్ అని పేరు పెట్టాడు. అది అట్లాంటిక్ దాటి అమెరికాలోనూ వేళ్ళూనుకుంది. కానీ నాకు బాగా నచ్చిన మనిషి ఇంకొకాయన ఉన్నాడు, ఎడ్గార్ హెల్మ్స్.

హెల్మ్స్ మెథడిస్టు పాస్టరు. 1895లో బోస్టన్ నగరంలో సౌత్ ఎండ్ అనే పేటకి వచ్చాడు. రకరకాల దేశాల వలస జనం కిక్కిరిసిన చోటు. ఆయన కాఫీ గింజలొచ్చే ఖాళీ గోనెసంచులు తీసుకుని బాగా ఉన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, పాతబట్టలు, బూట్లు అడిగి తెచ్చాడు. తెచ్చినవి చూస్తే బొత్తాములు ఊడినవి, మడమలరిగినవి, చిరిగినవి. ఇక్కడ ఆయన చేసిన పని గమనించాలి. పనిలేని పేటవాళ్ళనే పిలిచి అవి బాగు చేయించాడు, చేసినవాళ్ళకి కూలి ఇచ్చాడు. బాగైన వాటికి చిన్న ధర పెట్టి ఆ పేటలోనే అమ్మాడు. వచ్చిన డబ్బు మళ్ళీ కూలికే. గుడ్‌విల్ తన పుట్టిన ఏడాదిగా చెప్పుకునేది 1902. ఆ పేరు తరవాత బ్రూక్లిన్ శాఖ నుంచి వచ్చింది. గోనెసంచీకి కూడా గుడ్‌విల్ సంచి అనే పేరు పడిపోయింది.

ఊరికే పంచిపెట్టొచ్చు కదా, ధర ఎందుకు? మొదట నాకూ ఇదే అనుమానం వచ్చింది. ఆలోచించగా మొత్తం కథలో అసలు ఆవిష్కరణ ఆ ధర చీటీయే అనిపించింది. ఉచితంగా తీసుకునేవాడు చెయ్యి చాచాలి. ఏది ఇస్తే అది పుచ్చుకోవాలి, సైజు సరిపోకపోయినా దణ్ణం పెట్టాలి. పది సెంట్లిచ్చి కొనేవాడు తిప్పి చూస్తాడు, కాలరు అరిగిందని వంక పెడతాడు, వద్దని పక్కన పడేస్తాడు. పక్కన పడేసే హక్కు ఉంది చూశారూ, దానికోసమే ఆ పది సెంట్లు. దానం వద్దు, అవకాశం ఇవ్వండి అనే అర్థం వచ్చే నినాదం హెల్మ్స్ కాలం నుంచీ గుడ్‌విల్‌కి ఉంది. నినాదాలు ఎవరైనా రాస్తారు, ఈయన దాన్ని ధర చీటీలో ఇరికించాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, అంత అందమైనది కాదు. అప్పటికి అమెరికా పట్టణాల్లో పాతబట్టల వ్యాపారం చాలావరకు తోపుడుబండ్ల మీద వలస యూదుల చేతుల్లో ఉండేది. పాతబట్టతో రోగాలొస్తాయనే భయానికి ఆ అమ్మేవాళ్ళ మీద ద్వేషం కలిసిపోయింది. చర్చి పేరుతో, సేవ పేరుతో కొట్టు తెరిచేసరికి అవే పాతబట్టలు శుభ్రమైపోయాయి. మైల బట్టలో ఉందా, అమ్మే మనిషి మీద ఉందా అన్నది చూసేవాడి కంట్లో ఉంటుందని మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదనుకుంటాను.

థ్రిఫ్ట్ అనే మాట కూడా ఆ రోజుల్లోనే కలిసొచ్చింది. థ్రైవ్ అనే మాటకి చుట్టం అది. అంటే మూలంలో వర్ధిల్లడమే, తరవాతే పొదుపు. 1916లో వై.ఎం.సి.ఏ. వాళ్ళు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పుట్టినరోజైన జనవరి 17 నుంచి పొదుపు వారం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం పావు డాలరు థ్రిఫ్ట్ స్టాంపులు అమ్మింది. పొదుపు దేశభక్తి అయిపోయింది. చెత్తసామాను కొట్టు అన్నప్పుడు రాని జనం థ్రిఫ్ట్ షాపు అంటే వచ్చారు. రీబ్రాండింగ్ అనే విద్య మన మార్కెటింగ్ వాళ్ళు కనిపెట్టింది కాదండీ.

అలాగే 1917లో అమెరికాలో దానాలకి ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చింది. పాతబట్టల మూట ఇచ్చి రసీదు తీసుకోవడం, ఏప్రిల్లో ఆ రసీదు కోసం ఇల్లంతా వెతకడం ఇక్కడ పన్ను కట్టిన ప్రతి దేశీకీ అనుభవమే. 2018 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపయ్యాక చాలామందికి ఆ రసీదు అవసరం పోయింది. మూటలు మాత్రం ఆగలేదు.

ఇంగ్లండులో దారి వేరు. 1942లో, యుద్ధం మధ్యలో, నాజీల ఆక్రమణలో ఆకలితో చస్తున్న గ్రీసు ప్రజలకి తిండి పంపాలని ఆక్స్‌ఫర్డులో ఒక కమిటీ ఏర్పడింది. అదే ఆక్స్‌ఫామ్. 1947 చివర్లో అదే ఊళ్ళో బ్రాడ్ స్ట్రీట్ 17వ నంబరులో వాళ్ళ కొట్టు మొదలయింది. అప్పటికింకా అక్కడ బట్టలకి రేషను నడుస్తోంది, 1949 దాకా ఉంది. కొత్త చొక్కాకి కూపన్లు కావాల్సిన రోజుల్లో పాతచొక్కాకి సిగ్గేముంటుంది?

సిగ్గు తిరగబడి ఫ్యాషన్ అయింది చాలా తరవాత. 1990ల మొదట్లో సియాటిల్ గ్రంజ్ సంగీతం కుర్రాళ్ళు థ్రిఫ్ట్ స్టోరు ఫ్లానెల్ చొక్కాలతో స్టేజీ ఎక్కారు. 1993లో ఎమ్‌టీవీ కార్యక్రమంలో కర్ట్ కొబేన్ వేసుకున్న మాసిన ఆకుపచ్చ స్వెట్టరు 2019 వేలంలో 3,34,000 డాలర్లకి పోయింది. ఉతక్కుండానే!

ఆ తరవాత నిధి కథలు. 2006లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్లో ఒకాయన థ్రిఫ్ట్ స్టోర్లో చుట్టిన పాత కాగితం ఒకటి 2.48 డాలర్లకి కొన్నాడు. అది అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ప్రతి. 1820ల్లో ప్రభుత్వం అధికారికంగా అచ్చు వేయించిన 200 ప్రతుల్లో ఒకటి. మరుసటేడు వేలంలో 4,77,650 డాలర్లొచ్చాయి. అంతకుముందు దాని యజమాని దాన్ని గ్యారేజీ గోడకి తగిలించుకున్నాడట, గ్యారేజీ సర్దుతుంటే వెళ్ళిపోయింది. 2018లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఒకావిడ గుడ్‌విల్‌లో 34.99 డాలర్లకి ఒక పాలరాతి తల కొంది. తీరాచూస్తే అది రోమన్ల కాలపు శిల్పం. జర్మనీలో ఒక రాజుగారి భవనంలో ఉండేది, రెండో ప్రపంచయుద్ధం గందరగోళంలో మాయమైంది. శాన్ ఆంటోనియో మ్యూజియంలో కొన్నాళ్ళు చూపించి, 2023లో వెనక్కి పంపారు. ఆవిడ దాన్ని కారులో ఇంటికి తీసుకెళ్తూ సీటు బెల్టు పెట్టింది, ఆ ఫోటో కూడా ఉంది. ఇలాంటివి చదివినప్పుడల్లా శనివారం నా నడక వేగం పెరుగుతుంది, అబద్ధమెందుకు.

సరే, మన సంగతికొద్దాం. ఒకసారి మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నాతో పాటు స్టోరుకి వచ్చింది. పింగాణీ గిన్నెలు చూసి మురిసింది. బట్టల వరస దగ్గరికొచ్చేసరికి ముఖం మారిపోయింది. "ఎవరు పోతే వచ్చిన బట్టలో ఏవిట్రా, నీకేం ఖర్మ?" అంది. గిన్నెకి లేని మైల చొక్కాకి ఎందుకో అడిగినా చెప్పలేదు. కానీ మా వైపు పుట్టిన బిడ్డకి మొదట తొడిగేది పాతబట్టే. ఎవరైనా ఆరోగ్యంగా పెరిగిన పిల్లాడి చొక్కా అడిగి తెచ్చి మరీ వేస్తారు. అక్క పరికిణీ చెల్లెలికి, అన్న చొక్కా తమ్ముడికి. మధ్యాహ్నం వీధిలో "పాత బట్టలకి స్టీలు సామాన్లే..." అని కేక వినపడితే అమ్మే ముందు బైటికి వెళ్ళేది. రెండు ప్యాంట్లకి ఒక గిన్నె, ఇంకో చీర వేస్తే మూత. అరగంట బేరం. ఆ ప్యాంట్లు ఎవరు తొడుక్కుంటారని ఎప్పుడూ అడగలేదు. తెలిసినవాళ్ళ పాతబట్ట ఆప్యాయత, తెలియనివాళ్ళది అంటు. మన బట్ట బైటికి పోతే వ్యాపారం, బైటి బట్ట లోపలికొస్తే ఖర్మ.

హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాలు, ఎర్రగడ్డ సంతలో పాత ఎలక్ట్రానిక్ సామాను ఏరుకున్న వాళ్ళం, పుస్తకానికి ఏ మైలా అంటలేదు. గురువారం నడిచే జుమ్మేరాత్ బజారులో సమస్తం దొరికేది. అక్కడ కొనేవాడి మొహంలో నాకు ఎప్పుడూ సిగ్గు కనపడలేదు, అవసరం కనపడింది.

ఆ చచ్చినవాళ్ళ బట్టలు అనే మాట నాకు మళ్ళీ తగిలింది ఇంకో ఖండంలో. ఇక్కడ స్టోర్లో అమ్ముడుపోని సరుకుకి పెద్ద ప్రయాణమే ఉంది. చాలా చోట్ల వారానికో రంగు చీటీ వేస్తారు, కొన్ని వారాలయ్యాక ఆ రంగుకి సగం ధర. అప్పటికీ పోకపోతే బిన్స్ అని పిలిచే అవుట్‌లెట్‌లో తొట్టెల్లో పోసి తూకానికి అమ్ముతారు. (అచ్చం జెనరేషనల్ గార్బేజ్ కలెక్టరే.) అక్కడా మిగిలితే యంత్రంతో నొక్కి బేళ్ళు కట్టి ఓడెక్కిస్తారు. తూర్పు ఆఫ్రికాలో వాటిని మితుంబా అంటారు, స్వాహిలీలో మూటలు అని. మన మూటకీ దానికీ చుట్టరికం లేదు లెండి. ఘనా రాజధాని అక్రాలో కంటమంటో అనే మహా సంత ఉంది, అక్కడ ఈ బట్టల్ని ఒబ్రొని వావు అంటారు. అర్థం, చచ్చిన తెల్లోడి బట్టలు. బతికున్నవాడు ఇంత మంచి బట్ట ఎందుకు పారేస్తాడు, చచ్చే ఉంటాడు అని. మా అమ్మ లెక్కా అదే. 2025 జనవరి మొదటి రోజుల్లో ఆ సంత కాలిపోయింది, వేలమంది బతుకుతెరువు బూడిదయింది.

అందరూ చేతులు కట్టుకుని తీసుకోలేదు. స్థానిక నేత, కుట్టు పరిశ్రమలు దెబ్బతింటున్నాయని తూర్పు ఆఫ్రికా దేశాలు 2016లో పాతబట్టల దిగుమతి ఆపాలని తీర్మానించాయి. రువాండా సుంకం కిలోకి 0.20 డాలర్ల నుంచి 2.50 డాలర్లకి పెంచింది. అమెరికాలో పాతబట్టల వ్యాపారుల సంఘం ఫిర్యాదు చేసింది. మిగతా దేశాలు తగ్గాయి, రువాండా తగ్గలేదు. 2018లో అమెరికా, రువాండా బట్టలకి ఇచ్చే సుంకం లేని ప్రవేశాన్ని నిలిపేసింది. మనం విరాళంగా ఇచ్చాం అనుకున్న మూట, అవతలవాడు వద్దంటే శిక్ష వేసేంత సరుకు అన్నమాట. పక్కన పడేసే హక్కు కోసం హెల్మ్స్ ధర చీటీ పెట్టాడని చెప్పానే, ఆ హక్కు ఇక్కడ లేదు.

మన దేశంలో తొడుక్కోగలిగిన పాతబట్టల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. చీరేసిన ఉన్నిబట్టలు మాత్రం హర్యానాలోని పానిపట్టుకి వస్తాయి. బాట్లీలో మొదలైన షాడీ పరిశ్రమకి ఇప్పుడు పెద్ద కేంద్రం అదే. ఆడవాళ్ళు నేలమీద కూర్చుని కత్తిపీటలకి కోట్లు కోసి, బొత్తాములు, జిప్పులు తీసి, రంగులవారీగా కుప్పలు పోస్తారు. రంగు కలిసేలా ఏరితే మళ్ళీ అద్దకం అక్కర్లేదు. ఆ పీచుతో నేసిన దుప్పట్లే విపత్తులొచ్చినప్పుడు సాయంగా పంచుతుంటారు. అక్కడి కార్మికుల మీద 2012లో అన్‌రావెల్ అనే చిన్న డాక్యుమెంటరీ వచ్చింది. ఇంత కొత్తగా ఉన్న బట్టలు తెల్లవాళ్ళు ఎందుకు పారేస్తారని వాళ్ళలో వాళ్ళు తర్కించుకుంటారు. అక్కడ నీళ్ళు ఖరీదేమో, ఉతుక్కునే కంటే పారేయడమే చవకేమో అని ఊహిస్తారు. నవ్వొస్తుంది గానీ, వాళ్ళ దగ్గరున్న డేటాతో అంతకన్నా మంచి థియరీ నేనూ చెప్పలేను.

ఇక ఇప్పటి కొట్ల మీద నాకున్న పేచీ ఒకటుంది. హెల్మ్స్ కొట్టుకి వెనక కుట్టేవాళ్ళు, బూట్లు బాగుచేసేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు వెనక ఉన్నది ఏరివేత. నాలుగు ఉతుకులకి సాగిపోయే పాలియెస్టర్ని కుట్టి ప్రయోజనం కూడా లేదనుకోండి. మంచి సరుకు కనపడితే వేలానికి పక్కన పెడతారు. గుడ్‌విల్ వేలం సైటు 1999 నుంచే ఉంది. 1938 నాటి కార్మిక చట్టంలో వికలాంగులకి కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వొచ్చనే వెసులుబాటు ఒకటుంది. గుడ్‌విల్ శాఖలు కొన్ని దాన్ని వాడుకుంటున్నాయని 2013లో వార్తలొచ్చి గొడవైంది. బాగుచేసినవాళ్ళకి కూలి ఇవ్వడం కోసం పుట్టిన సంస్థ కాబట్టే ఆ వార్త అంత గుచ్చుకుంది.

ఆ పాత ఊహ అచ్చంగా కనపడింది నాకు మన దేశంలోనే. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ అనే సంస్థ పట్నాల్లో పాతబట్టలు పోగుచేస్తుంది. పల్లెల్లో వాటిని ఊరికే పంచదు. ఊరివాళ్ళు తమకి కావాల్సిన బావో, రోడ్డో, వంతెనో ఎంచుకుని కలిసి పనిచేస్తే బట్టలు దానికి ప్రతిఫలం. ఆయనకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. బోస్టన్లో పది సెంట్లు చేసిన పనే అక్కడ ఒక పూట శ్రమ చేస్తోంది.

ఇదంతా తెలిశాక శనివారాలు మానేశానా అంటే, లేదు. ఒక్కటి మాత్రం పాటిస్తాను. అక్టోబరు, నవంబరుల్లో పిల్లల చలికోట్ల వరస జోలికి పోను, మా వాడి సైజు కంటపడినా సరే. ఆఫీసులో ఒక మిత్రుడితో అంటే, "బేళ్ళకి బేళ్ళు ఓడలెక్కుతుంటే నువ్వొక కోటు వదిలితే ఎంత?" అన్నాడు. మొత్తం లెక్క అతనిదే కరెక్టు. కానీ జిప్పు సరిగ్గా పనిచేసే ఆరేళ్ళ పిల్లాడి కోటు ఆ వరసలో ఏ రోజు చూసినా రెండో మూడో ఉంటాయి, అంతే. బిడ్డని తీసుకొచ్చి ఒక్కోటీ తొడిగి చూస్తూ, జిప్పు పైకీ కిందికీ లాగి, "ఇది వద్దు, ఇంకోటి చూద్దాం" అనే తల్లులు అక్కడ ప్రతి వారం కనపడతారు.